యానాం ఒడ్డుకొచ్చిన కంపెనీ, అరువు తెచ్చుకున్న పేరు

యానాంలో ఫ్రెంచివాళ్ళు తొలిసారి 1723లో వర్తక స్థావరం పెట్టారు. బట్టల బేరానికి గోదావరి ఒడ్డుకొచ్చిన ఆ ఫ్రెంచి ఇండియా కంపెనీ, అంతకు మూడేళ్ళ ముందే పారిస్‌లో ఎందరివో కొంపలు ముంచింది. 1719లో జాన్ లా అనే ఆర్థికవేత్త పాత కంపెనీలను కలిపి దాన్ని నిలబెట్టాడు. 500 లీవ్రుల వాటా ఆ ఏడాది చివరికి పది వేల దరిదాపుకెళ్ళింది. 1720లో కూలింది. లా దేశం విడిచి పారిపోయాడు. వాటాలు కొన్నవాళ్ళలో చాలామంది కంపెనీ ఆశచూపిన అమెరికాలోని మిసిసిపీ నేలను చూడలేదు, రాజుగారి అండను చూశారు.

నేటి ‘ఉచిత క్రిప్టో’ మోసం కూడా అలాంటి అండనే అరువు తెచ్చుకుంటుంది. 2020 జూలై 15న ఒబామా, బిల్ గేట్స్ ట్విట్టర్ ఖాతాలను చేజిక్కించుకున్న దొంగలు, బిట్‌కాయిన్ పంపితే రెట్టింపు ఇస్తామన్నారు. గంటల్లో లక్ష డాలర్లకు పైగా వచ్చిపడ్డాయి. 2024 సెప్టెంబరులో మన సుప్రీంకోర్టు యూట్యూబ్ ఛానెల్‌లోనే క్రిప్టో ప్రచార వీడియో కనిపించింది. లా దగ్గర ఓడలైనా ఉన్నాయి కదా, పోలికేమిటని అడగవచ్చు. నిజమే, ఇక్కడ అవీ లేవు. ఎవరో ప్రముఖుడి పాత ఉపన్యాసాన్ని ‘లైవ్’ అని తిప్పుతూ మూలన క్యూఆర్ కోడ్ పెడతారు, అంతే. అత్యాశపరులే మోసపోతారనడం అన్యాయం. వాళ్ళు నమ్మింది పేరును. కాబట్టి చూడవలసింది డబ్బు నడిచే దారిని. పంచిపెట్టేవాడు ముందు మనచేత ఎందుకు పంపించుకుంటాడు? ఒకసారి వెళ్ళిన బిట్‌కాయిన్‌ను వెనక్కి తెప్పించే బ్యాంకు లేదు. మోసమని తెలిసిన వెంటనే సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేసి, లావాదేవీ నంబరుతో ఫిర్యాదు చేయాలి.