వైద్య పాఠశాల తలుపులు ఎవరికి తెరుచుకున్నాయి?

ఏటా పదో తరగతి ఫలితాలు రాగానే మన ఇళ్ళలో ఒకటే ప్రశ్న. పిల్లల్ని ఎందులో వేయాలి? పాలిటెక్నిక్కా, ఐ.టి.ఐ.యా, నర్సింగా? కాలేజీ ఏదైనా సరేగాని, అందులో ఎవరు చేరగలుగుతున్నారు, ఎవరు గుమ్మం దగ్గరే ఆగిపోతున్నారు అన్నది కూడా చూడాలి. దీనికి మన హైదరాబాదు చరిత్రలోనే ఒక పాఠం ఉంది.

నాలుగవ నిజాం నాసిరుద్దౌలా కాలంలో, 1846లో, ఇక్కడ వైద్య పాఠశాల పెట్టారు. రెసిడెన్సీ వైద్యుడు డాక్టర్ మెక్లీన్ దాన్ని నడిపారు. పాశ్చాత్య వైద్యాన్ని అక్కడ ఉర్దూలో చెప్పేవారు. ఇంగ్లీషు రాని కుర్రవాడు కూడా అక్కడ చదివి డాక్టరు కాగలిగాడంటే కారణం అదే. 1880లలో బోధన ఇంగ్లీషులోకి మారింది. ఒక తలుపు మూసుకున్నట్టయింది.

ఆ రోజుల్లోనే ఇంకో తలుపు తెరుచుకుంది. డాక్టర్ ఎడ్వర్డ్ లారీ ప్రిన్సిపాలుగా ఉండగా, 1885లో స్త్రీలను చేర్చుకున్నారు. వారిలో రూపాబాయి ఫర్దూన్‌జీ అనే పార్సీ యువతి ఒకరు. 1889లో ఆమె చదువు ముగించారు. క్లోరోఫాంపై హైదరాబాదులో జరిగిన పరిశోధనల్లో పాలుపంచుకున్నారు. ప్రపంచంలోనే మొదటి మహిళా మత్తు వైద్యులలో ఆమెను చెప్పుకుంటారు. ఆ తలుపు తీయకపోతే ఆ పేరే మనకు తెలిసేది కాదు.

1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడింది. తర్వాత వైద్య విద్య కూడా దాని కిందికి వచ్చి మళ్ళీ ఉర్దూలో సాగింది. దారుల్ తర్జుమాలో పండితులు కూర్చుని శాస్త్ర గ్రంథాలను ఉర్దూలోకి తెచ్చారు. ఇది మనం గర్వంగా చెప్పుకునే మాటే. కాని న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ రాజ్యంలో ఎక్కువమంది ఇళ్ళలో మాట్లాడేది తెలుగు, మరాఠీ, కన్నడం. ఆ పిల్లలు ముందు ఉర్దూ నేర్చుకుంటేగాని పై చదువు అందేది కాదు. మనకు తెరుచుకున్న తలుపే వారికి బరువైంది. 1948 తర్వాత ఇంగ్లీషు వచ్చేసరికి ఆ బరువు మన నెత్తిన పడింది.

ఇరవై ఏళ్ళుగా బడిలో చూస్తున్నాను. మా పిల్లలకు 'రగడ్' అంటే ఏమిటో బాగా తెలుసు. లెక్క కూడా చేసి చూపిస్తారు. అదే పాలిటెక్నిక్కులో 'ఫ్రిక్షన్' అనగానే నోరు పెగలదు. తెలుగు మీడియంలో 'ఘర్షణ' అని చదివిన పిల్లల అవస్థా ఇదే. తెలివి తక్కువై కాదు, మాట అందక వెనకబడుతున్నారు.

2006లో సచార్ కమిటీ చెప్పిన లెక్క ప్రకారం దేశంలో అక్షరాస్యత 65.1 శాతం అయితే, ముస్లింలలో 59.1 శాతమే. 1998లో వచ్చిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం పాలిటెక్నిక్ చదువును ఉర్దూలో చెబుతోంది. సంతోషమే. గాని అందరికీ అక్కడ సీటు దొరకదు కదా.

కాబట్టి సంఘ పెద్దలకు నా మనవి ఒకటే. పదో తరగతి పరీక్షలయ్యాక వేసవి సెలవుల్లో శాస్త్ర పదాలను ఇంగ్లీషులో నేర్పే తరగతులు పెట్టండి. ఉర్దూ పిల్లలతోపాటు తెలుగు మీడియం పిల్లల్నీ కూర్చోబెట్టండి. ఆడపిల్లల్ని తప్పక పంపండి. పాఠం చెప్పడానికి నేను వస్తాను, జీతం అక్కర్లేదు.