పాట ఒక గదిలో, పలుకు మరో గదిలో

కంప్యూటరులో దాచుకున్న పాటను హాల్లో ఉన్న స్పీకరులో వినడం ఇవాళ పెద్ద విద్యేమీ కాదు. పిల్లలు ఫోను మీద వేలు ఆనిస్తారు, పక్కగదిలో పాట మొదలవుతుంది. అయితే ఈ చిన్న సౌకర్యం వెనుక నూటనలభై ఏళ్లకు పైబడిన చరిత్ర ఉంది. ఆ చరిత్రను కాలిఫోర్నియా వైపు నుంచి చూసినవారికి అది యంత్రాల కథగా కనిపిస్తుంది. అనకాపల్లి వైపు నుంచి చూస్తే మాత్రం నాకు వేరే ప్రశ్న తోస్తుంది: పాటల బీరువా ఎవరింట్లో ఉంది, దాని తాళంచెవి ఎవరి మొలన ఉంది?

పాట పుట్టే చోటును, వినిపించే చోటును తీగతో విడదీసిన తొలి ఘట్టం 1881లో పారిస్ విద్యుత్ ప్రదర్శనలో జరిగింది. క్లెమాఁ అడేర్ అనే ఇంజనీరు ఒపేరా వేదిక ముందు టెలిఫోను మైకులు అమర్చి, ఆ గానాన్ని తీగల మీదుగా ప్రదర్శనశాలకు చేర్చాడు. శ్రోతలు రెండు చెవులకూ రెండు గొట్టాలు పెట్టుకొని విన్నారు. 1890 నుంచి 1932 దాకా ఇది చందా కట్టే ఇళ్లకు పాట చేర్చే వ్యాపారంగా నడిచింది. అంటే నెలచందా సంగీతం మన తరం కనిపెట్టినది కాదన్నమాట.

మన వైపు ఆ తీగ రాలేదు. గాలే తీగ అయింది. 1924లో మద్రాసులో రేడియో క్లబ్బు ప్రసారాలు మొదలుపెట్టింది. అనకాపల్లి అప్పుడు మద్రాసు రాజధానిలో, విశాఖపట్నం జిల్లాలో ఉన్న తాలూకా కేంద్రం. క్లబ్బు 1927లో డబ్బులేక మూతపడితే, ఆ ప్రసారయంత్రాన్ని మద్రాసు నగర కార్పొరేషను తీసుకొని 1930 నుంచి నడిపింది. ఆలిండియా రేడియో మద్రాసు కేంద్రం 1938 జూన్ 16న, విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న, విశాఖపట్నం కేంద్రం 1963 ఆగస్టు 4న వచ్చాయి. విశాఖ నుంచి అనకాపల్లి 40 కిలోమీటర్ల లోపే. అంతవరకూ గరగరల మధ్య వెతుక్కొని విన్న పాట అప్పటి నుంచి పొరుగింటి పాటంత స్పష్టంగా వినిపించడం మొదలైంది. 

రేడియో రోజుల్లో బీరువా పూర్తిగా ప్రభుత్వంది. వినడానికి కూడా లైసెన్సు ఉండేది. ఏటా తపాలా కార్యాలయానికి వెళ్లి రుసుము కట్టి పుస్తకంలో ముద్ర వేయించుకోవాలి. 1980ల మధ్యలో గాని ఆ తంతు రద్దు కాలేదు. ఏ పాట ఎప్పుడు వినాలన్నది కూడా వాళ్ల ఇష్టమే. 1952లో సమాచారశాఖ చేపట్టిన బి.వి. కేస్కర్‌కు సినిమా పాటలంటే చిన్నచూపు. ఆయన ఏలుబడిలో అవి ఆకాశవాణి నుంచి దాదాపు మాయమయ్యాయి. జనం ఊరుకున్నారా? ముల్లును సిలోను వైపు తిప్పారు. రేడియో సిలోనులో మీనాక్షి పొన్నుదురై గారు తెలుగు పాటలు వినిపించేవారు. ఆ గొంతును ఇప్పటికీ అనుకరించి చూపే పెద్దలు మన ఇళ్లలో ఉన్నారు. సముద్రం అవతలి పాట అయనోవరణానికి తగిలి దిగివచ్చి అనకాపల్లి వసారాలో మోగింది. చివరికి 1957 అక్టోబరులో వివిధ భారతి పెట్టక ఆకాశవాణికి తప్పలేదు. పక్కవీధిలో ఇంకో కొట్టు తెరిచి ఉన్నప్పుడే మొదటి కొట్టువాడు మర్యాదగా మాట్లాడతాడు. 

తాళంచెవి తొలిసారి శ్రోత చేతికి వచ్చింది క్యాసెట్టుతో. ఫిలిప్స్ దాన్ని 1963లో తెచ్చినా, మన మధ్యతరగతి ఇళ్లకు టూ-ఇన్-వన్ రూపంలో చేరింది 1970ల చివర, 80లలో. కాగితం మీద పాటల జాబితా రాసి ఇస్తే ఖాళీ క్యాసెట్టులోకి ఎక్కించి ఇచ్చే దుకాణాలు ప్రతి ఊళ్లోనూ వెలిశాయి. అనకాపల్లిలోనే చదువుకొని పెరిగి, కొంతకాలం టెలిఫోన్ల శాఖలో ఉద్యోగం చేసిన సీతారామశాస్త్రి గారి పాటలు 1986లో ‘సిరివెన్నెల’ చిత్రంతో లోకానికి తెలిసినప్పుడు, ఊళ్లోవాళ్లు వాటిని మళ్లీ మళ్లీ విన్నది ఈ క్యాసెట్ల మీదే. 

అంతకంటే ముఖ్యమైన పని ఇంకొకటి జరిగింది. రేడియోలో వచ్చేదాన్ని ఇంట్లోనే రికార్డు చేసుకున్నారు. భక్తిరంజని, సంగీత రూపకాలు, నాటకాలు, లలితగీతాలు. ఆకాశవాణిలో టేపులు కొరత. ప్రసారమైపోయిన టేపును చెరిపి మళ్లీ వాడటం అక్కడ మామూలు. బాలాంత్రపు రజనీకాంతరావు గారి (1920–2018) వంటివారు దశాబ్దాలపాటు చేసిన పనిలో ఇవాళ మనం వినగలుగుతున్న భాగం కొంత ఇలా శ్రోతల ఇళ్లలోని అట్టపెట్టెల నుంచి బయటపడినదే. ‘ఈమాట’ పత్రిక పుటల్లో పాత రేడియో ధ్వనులు విని మురిసిపోయిన మిత్రులకు ఈ సంగతి నేను చెప్పనక్కర లేదు. 

సరే, కంప్యూటరు సంగతికి వద్దాం. మన దేశంలో సామాన్యులకు అంతర్జాలం 1995 ఆగస్టు 15న వచ్చింది. రియల్ ఆడియో వచ్చిందీ ఆ ఏడాదే. నాలుగు నిమిషాల పాటను 128 కిలోబిట్ల ఎంపీత్రీగా చేస్తే సుమారు 3.8 మెగాబైట్లు. 56 కె మోడెము తన పూర్తి వేగంతో లాగినా దానికి తొమ్మిది నిమిషాలు పట్టాలి. తీరా ఎనిమిదో నిమిషంలో ఎవరో ఇంటికి ఫోను చేసేవారు. అందుకే మొదటితరం తెలుగు పాటల గూళ్లు రియల్ ఆడియోనే నమ్ముకున్నాయి; పాట బావిలోంచి వచ్చినట్టున్నా వచ్చేది. ఆ గూళ్లలో చాలావాటి అడ్రసులు ఇప్పుడు తెరుచుకోవు. ఫైళ్లు దింపి దాచుకున్నవారి దగ్గర మాత్రం పాటలు ఉన్నాయి. 

పాట కంప్యూటరులోకి వచ్చిందిగానీ, కంప్యూటరు పక్కన పెట్టుకున్న అగ్గిపెట్టెలాంటి స్పీకర్లలో వినబుద్ధి కాదు. మంచి స్పీకర్లేమో హాల్లో, టేపురికార్డరు దగ్గర. అందరం చేసిన తొలి ఉపాయం పొడుగాటి తీగ. కిటికీ చువ్వల గుండా, తలుపు మీదుగా లాగిన తీగతో పాటతోపాటు “గుంయ్” మనే రొద కూడా వచ్చేది. కంప్యూటరూ యాంప్లిఫయరూ వేరువేరు చోట్ల ఎర్తు అయినప్పుడు ఆ రెంటి మధ్య కరెంటు తిరిగి, 50 హెర్ట్‌జ్ మోత పాటలో కలుస్తుంది. తీగ ఎంత ఖరీదుదైనా ఆ మోత పోదు. మధ్యలో చిన్న ట్రాన్స్‌ఫార్మరు పెడితే పోతుంది. 

ధ్వనిని కాక అంకెలను పంపితే ఈ బాధే ఉండదు కదా అని 2001లో స్లిమ్ డివైసెస్ అనే చిన్న అమెరికా కంపెనీ ఒక పెట్టె చేసింది. పేరు స్లింపీత్రీ. కంప్యూటరులో సర్వరు, హాల్లో పెట్టె, మధ్య నెట్‌వర్కు తీగ. 2003లో దాని తమ్ముడు స్క్వీజ్‌బాక్స్ వచ్చాక ఆ తీగ కూడా అక్కర లేకపోయింది. సర్వరు ప్రోగ్రాము మూలరచన బయటపెట్టారు, ఎవరైనా చదవవచ్చు, దిద్దుకోవచ్చు. ఈ ఒక్క నిర్ణయం ఇరవయ్యేళ్ల తర్వాత ఎలా పనికివచ్చిందో చివర్లో చెబుతాను. 2004లో ఆపిల్ వారు ఎయిర్‌ట్యూన్స్ తెచ్చారు. అది చక్కనిదే, కాని పాటను రహస్య సంకేతంతో బిగించి పంపేది. తమ పెట్టె తప్ప ఇంకొకటి దాన్ని విప్పకూడదు. 2011లో ఒక ప్రోగ్రామరు ఆ పెట్టెలోంచి తాళంచెవి తీసి లోకానికి ఇచ్చాడు. అప్పటినుంచి ఏ పాత కంప్యూటరైనా ఆ పాటను అందుకోగలిగింది.

యూనికోడు తెలుగు కోసం పాట్లుపడ్డ మనవాళ్లకు నచ్చే పిట్టకథ ఒకటుంది. ఎంపీత్రీ ఫైలు చివర పాట పేరు రాసుకోవడానికి పాత పద్ధతిలో 30 బైట్లు ఇచ్చారు. యూటీఎఫ్-8లో మన ప్రతి అక్షరచిహ్నానికీ మూడేసి బైట్లు. ‘అన్నమాచార్య’ అన్న మాటలో, పొల్లులూ గుణింతాలూ లెక్కవేస్తే, పదకొండు చిహ్నాలు. అంటే 33 బైట్లు. ఆచార్యులవారి చివరి ‘య’ గడప బయటే నిలబడిపోతుంది! తరువాతి పద్ధతుల్లో ఈ ఇరుకు తీరిందిగాని, స్లింపీత్రీ రెండు వరుసల తెరకు తెలుగు అక్షరమే తెలియదు. కాబట్టి పాటల పేర్లన్నీ ఇంగ్లీషు లిపిలో, ఎవరికి తోచిన వర్ణక్రమంలో వారు రాసుకున్నారు. ఈనాటికీ ఒకే కీర్తన నాలుగు పేర్లతో నాలుగుచోట్ల దొరకడానికి అదొక కారణం. 

ఒకే పాటను రెండు గదుల్లో ఒకేసారి మోగించడం ఇంకా గడ్డు సమస్య. కొత్త అమావాస్యకు నూకాలమ్మ జాతరలో నిలబడ్డవారికి దీని రుచి తెలుసు. దగ్గరి గొట్టంలోంచి వచ్చిన మాటనే దూరపు గొట్టం అరసెకను ఆలస్యంగా మళ్లీ అంటుంది. ధ్వని సెకనుకు 340 మీటర్లు నడుస్తుంది కనుక 170 మీటర్ల అవతలి గొట్టం అంతే వెనకబడుతుంది. ఇంట్లో అంత దూరం లేదు, కాని పెట్టెల గడియారాలు వేరు. ప్రతి పెట్టెలోనూ ఒక స్ఫటికం కాలం కొలుస్తుంది. రెండు స్ఫటికాల మధ్య పదిలక్షలలో 50 వంతుల తేడా ఉందనుకుందాం. గంట గడిచేసరికి ఒక గది రెండో గది కంటే 0.18 సెకను వెనక ఉంటుంది. చెవి దాన్ని ప్రతిధ్వనిగా పట్టేస్తుంది. అందుకే పెట్టెలు పరస్పరం కాలం అడుగుతూ, ముందున్నది ఆగి, వెనకున్నది ఒకటిరెండు నమూనాలు దాటేసి, నిరంతరం సర్దుకుంటాయి. బృందగానంలో పక్కవాడి వైపు ఓరకంట చూస్తూ పాడినట్టే. 

2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా చవకైంది. పాటల బీరువా మళ్లీ మన ఇల్లు దాటి ఏ దేశంలోనో ఉన్న సర్వరుకు చేరింది. కావలసిన పాట అడిగిన క్షణంలో వస్తుంటే ఎవరు మాత్రం వద్దంటారు? నేనూ వింటున్నాను. అయితే గూగుల్ 2015లో తెచ్చిన క్రోమ్‌కాస్ట్ ఆడియో అనే చిన్న బిళ్ల కథ వినండి. పాత స్పీకరుకు తగిలిస్తే చాలు, ఫోను ఆజ్ఞ మీద పాడేది. 2019 జనవరిలో తయారీ ఆపేశారు. 2025 మార్చి 9న, లోకమంతటా ఉన్న ఆ బిళ్లలు ఒక్కసారిగా మొరాయించాయి. విరిగిపోలేదు, తడిసిపోలేదు. పదేళ్ల గడువుతో లోపల పెట్టిన ధ్రువపత్రం ఆరోజుతో చెల్లిపోయింది. తరువాత సవరణ పంపి బతికించారనుకోండి. పంపకపోతే చేయగలిగింది ఏమీ లేదు. 

దీనికి పక్కనే స్క్వీజ్‌బాక్స్‌ను పెట్టి చూడాలి. లాజిటెక్ దాన్ని 2006లో కొనుక్కుంది, 2012లో తయారీ ఆపింది, 2024లో తన సర్వరునూ మూసేసింది. అయినా ఇంట్లో సొంత సర్వరు నడుపుకొనేవారి పెట్టెలు పాడుతూనే ఉన్నాయి. మూలరచన అందరి చేతుల్లో ఉంది గనుక, ఆ ప్రోగ్రాము లిరియన్ అని పేరు మార్చుకొని వాడుకరుల పోషణలో కొనసాగుతోంది. 

మా అనకాపల్లి ఇంట్లో పాత ల్యాప్‌టాప్ ఒకటి ఈ లిరియన్‌ను నడుపుతోంది. హాల్లో అరచేతి కంప్యూటరు రాస్ప్‌బెర్రీ పై పాటను అందుకొని వాల్వు రేడియోకు ఇస్తుంది. ఆ కాలపు రేడియోల వెనుక గ్రామఫోను తగిలించుకోవడానికి రెండు రంధ్రాలు ఉండేవి. తీగ అందులోకే వెళుతుంది. ఎవరైనా ఇది చేయబోతే ఒక్కమాట. ఏసీ డీసీ రెండింటికీ పనికివచ్చే రకం పాత సెట్లలో లోపలి ఇనుపచట్రానికి నేరుగా కరెంటు ఉంటుంది. ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మరు లేకుండా, తెలిసిన మెకానిక్కు చూడకుండా దాని జోలికి పోవద్దు. 

మిగిలింది క్యాసెట్ల పని. అరవై నిమిషాల క్యాసెట్టు కంప్యూటరులోకి ఎక్కడానికి అరవై నిమిషాలూ పడుతుంది, దగ్గరిదారి లేదు. పొడి రాలుతున్నవి ఒక్కసారే తిరుగుతాయి. కనుక ముందుగా సినిమా పాటలవి పక్కన పెట్టి, అట్ట మీద పేరు లేనివి, లేదా ‘రేడియో’ అని మాత్రమే రాసి ఉన్నవి ఎక్కిస్తున్నాను. మీ ఇళ్లలోనూ అలాంటివి ఉంటే వాటితోనే మొదలుపెట్టండి. సినిమా పాట ఇంకొకచోట దొరుకుతుంది.