యు.ఎస్.బి. సౌండ్ కార్డు

యు.ఎస్.బి. సౌండ్ కార్డు అనగా కంప్యూటరుకు వెలుపలి నుండి యు.ఎస్.బి. పోర్టు ద్వారా తగిలించే ధ్వని పరికరం. హెడ్‌ఫోనులో శబ్దాన్ని వినడానికి, మైకు ద్వారా శబ్దాన్ని కంప్యూటరులో నమోదు చేయడానికి దీనిని ఉపయోగిస్తారు. కంప్యూటరులోని ధ్వని విభాగం చెడిపోయినపుడు, మైకు తగిలించే సాకెట్ లేనపుడు, లేదా మరింత శుభ్రమైన రికార్డింగు కావలసినపుడు ఇది అవసరమవుతుంది. బొటనవ్రేలంత చిన్న పరికరాలు మొదలుకొని గాయకులు, వాద్యకారులు వాడే పెద్ద ఆడియో ఇంటర్‌ఫేసుల వరకు ఇవి పలు రకాలుగా లభిస్తున్నాయి. స్టూడియో అందుబాటులో లేని ఊళ్ళలో మాటను, పాటను భద్రపరచుకోవడానికి ఇది సులభమైన సాధనం.

చరిత్ర

తొలినాటి వ్యక్తిగత కంప్యూటర్లు "బీప్" అనే శబ్దం మాత్రమే చేయగలిగేవి. 1987లో కెనడాకు చెందిన యాడ్‌లిబ్ సంస్థ, 1989లో సింగపూరుకు చెందిన క్రియేటివ్ సంస్థ కంప్యూటరు లోపల అమర్చే సౌండ్ కార్డులను విడుదల చేశాయి. క్రియేటివ్ వారి సౌండ్ బ్లాస్టర్ విశేష ప్రజాదరణ పొందినది. 1997లో ఇంటెల్ సంస్థ ఏసీ'97 ప్రమాణాన్ని ప్రకటించిన తరువాత ధ్వని చిప్పు మదర్‌బోర్డులోనే భాగమయినది.

యు.ఎస్.బి. ప్రమాణం 1996లో వెలువడినది. ఈ మార్గం గుండా శబ్దాన్ని ఎలా పంపవలెనో తెలిపే యు.ఎస్.బి. ఆడియో క్లాస్ నియమావళి 1998లోను, దాని రెండవ రూపం 2006లోను వచ్చాయి. ఈ నియమావళిని అనుసరించే పరికరాన్ని తగిలించగానే, విడిగా డ్రైవరు లేకుండానే, విండోస్, లినక్స్, మాక్ వ్యవస్థలు గుర్తించగలవు. రెండవ రూపానికి విండోస్‌లో అంతర్గత మద్దతు 2017లో లభించినది. ఆండ్రాయిడ్ ఫోనులలో 2014లో వచ్చిన 5.0 కూర్పు నుండి యు.ఎస్.బి. ధ్వని పరికరాలకు మద్దతు ఉన్నది.

పనిచేయు విధానం

మైకు నుండి వచ్చే విద్యుత్ తరంగం చాలా బలహీనమైనది. సౌండ్ కార్డు మొదట దానిని పెంచి, తరువాత సెకనుకు వేలసార్లు కొలిచి అంకెలుగా మారుస్తుంది. ఈ కొలతల సంఖ్యను శాంప్లింగ్ రేటు అంటారు. కాంపాక్ట్ డిస్కులో ఇది సెకనుకు 44,100. ఒక్కొక్క కొలతకు 16 బిట్లు కేటాయించినచో 65,536 స్థాయిలు లభిస్తాయి. వినేటపుడు ఈ ప్రక్రియ తలక్రిందులుగా జరిగి, అంకెలు తిరిగి విద్యుత్ తరంగాలుగా మారి హెడ్‌ఫోనును చేరతాయి.

ఒక శాంప్లింగ్ రేటులో సగం పౌనఃపున్యం వరకు మాత్రమే శబ్దం నమోదవుతుంది. సకారం పలికేటపుడు వెలువడే శక్తిలో అధికభాగం 4,000 హెర్ట్జ్‌లకు పైన ఉంటుంది. కాబట్టి సెకనుకు 8,000 కొలతలతో చేసిన రికార్డింగులో స, శ, ష ల భేదం మసకబారుతుంది. తెలుగు ఉచ్చారణను నమోదు చేసేవారు 44,100 లేదా 48,000 రేటును ఎంచుకొనడం మంచిది.

కంప్యూటరు లోపలి ఫ్యాను, డిస్కు, విద్యుత్ భాగాల నుండి పుట్టే రొద లోపలి సౌండ్ కార్డులో తేలికగా కలుస్తుంది. వెలుపలి కార్డు వాటికి దూరంగా ఉండడం వలన ఈ రొద తగ్గుతుంది. అయితే ఇది కూడా యు.ఎస్.బి. పోర్టు ఇచ్చే 5 వోల్టుల విద్యుత్తుతోనే పనిచేస్తుంది కనుక రొద పూర్తిగా పోతుందని చెప్పలేము.

సాకెట్లు, హెడ్‌ఫోనులు

చిన్న కార్డులలో సాధారణంగా రెండు 3.5 మిల్లీమీటర్ల సాకెట్లు ఉంటాయి. రంగులు వేసిన చోట ఆకుపచ్చ హెడ్‌ఫోనుకు, గులాబీ మైకుకు, లేత నీలం టేపురికార్డరు వంటి పరికరాల నుండి వచ్చే లైన్ ఇన్‌పుట్‌కు గుర్తు. మొబైలు ఫోను హెడ్‌సెట్ ప్లగ్గుపై మూడు నల్లని గీతలు, నాలుగు లోహపు భాగాలు ఉంటాయి. హెడ్‌ఫోను, మైకు రెండింటికీ అదే ప్లగ్గు. దీనిని రెండు సాకెట్లు గల కార్డుకు తగిలించాలంటే ఒక స్ప్లిట్టర్ తీగ కావలెను. అది లేకుండా గులాబీ సాకెట్‌లో పెడితే మైకు పనిచేయదు. పరికరం చెడిపోయినదని చాలామంది పొరబడేది ఇక్కడనే.

యు.ఎస్.బి. ప్లగ్గు గల హెడ్‌సెట్‌లలో సౌండ్ కార్డు లోపలే ఇమిడి ఉంటుంది. వాటికి వేరే కార్డు అక్కరలేదు.

మైకులలో రకాలు

ఎలక్ట్రెట్ మైకు: కాలరుకు తగిలించే మైకులు, హెడ్‌సెట్ మైకులు ఎక్కువగా ఈ రకానివి. వీటికి కావలసిన కొద్దిపాటి విద్యుత్తును సౌండ్ కార్డు సాకెటే అందిస్తుంది. చిన్న కార్డులకు ఇవి బాగా సరిపోతాయి.

డైనమిక్ మైకు: సభలలో, భజనలలో చేతపట్టుకొనే మైకు ఇది. దీనికి విద్యుత్తు అవసరం లేదు గాని, దీని నుండి వచ్చే సంకేతం చాలా బలహీనం. చిన్న కార్డుకు తగిలిస్తే మాట లోగొంతుకతో పలికినట్లు వినబడుతుంది.

స్టూడియో కండెన్సర్ మైకు: దీనికి సాధారణంగా 48 వోల్టుల ఫాంటమ్ విద్యుత్తు కావలెను. ఇది చిన్న కార్డులలో ఉండదు, ఆడియో ఇంటర్‌ఫేసులలో లభిస్తుంది.

రికార్డింగులో పాటించవలసినవి

కార్డును తగిలించిన తరువాత కంప్యూటరు ధ్వని అమరికలలో దానిని ఇన్‌పుట్, అవుట్‌పుట్ పరికరంగా ఎంచుకోవాలి. రికార్డింగుకు 2000లో విడుదలైన ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేరును విరివిగా వాడుతున్నారు. మాట గట్టిగా పలికినపుడు సూచిక -12 నుండి -6 డెసిబెల్స్ మధ్య ఉండేటట్లు మైకు స్థాయిని సరిచేయాలి. సున్నాను తాకితే శబ్దం కోసుకుపోతుంది, దానిని తరువాత పూర్తిగా బాగుచేయలేము.

మైకు నోటికి జానెడు దూరంలో, కొంచెం ప్రక్కగా ఉండాలి. ఎదురుగా ఉంటే ప, ఫ, బ, భ వంటి అక్షరాల గాలి మైకును తాకి "డబ్"మని మ్రోగుతుంది. గదిలోని ఫ్యాను ఆపడం, ల్యాప్‌టాప్ ఛార్జరు తీసివేసి బ్యాటరీతో నడపడం మంచిది. ఛార్జరు వలన 50 హెర్ట్జ్‌ల హోరు కలిసే అవకాశం ఉన్నది. రికార్డు చేసేటపుడు స్పీకర్లకు బదులు హెడ్‌ఫోనునే వాడాలి. లేనిచో స్పీకరు శబ్దం తిరిగి మైకులోనికి వెళ్ళి ఈల పుడుతుంది.

44,100 రేటులో, 16 బిట్లలో, ఒకే ఛానలుతో ఒక గంట సంభాషణకు సుమారు 318 మెగాబైట్లు అవసరం.

బోధన్ ప్రాంతంలో ప్రయోజనం

అప్పటి నిజామాబాదు జిల్లాలో మంజీర నదిపై నిజాంసాగర్ 1931లో పూర్తయిన తరువాత బోధన్ పరిసరాలలో చెరకు సాగు విస్తరించినది. శక్కర్‌నగర్‌లో 1930వ దశాబ్దంలో ఏర్పడిన నిజాం చక్కెర కర్మాగారం ఒకప్పుడు ఆసియాలోనే పెద్దవాటిలో ఒకటిగా పేరుపొందినది. అది 2015 డిసెంబరులో మూతబడినది. కాలువల క్రింద భూములు సాగుచేయడానికి కోస్తా జిల్లాల నుండి వచ్చిన రైతులు "క్యాంపులు" అనే ఊళ్ళలో స్థిరపడ్డారు. మహారాష్ట్ర సరిహద్దు కూడా సమీపమే. అందువలన ఇక్కడ తెలంగాణ తెలుగు, కోస్తా తెలుగు, ఉర్దూ, మరాఠీ కలగలిసి వినబడతాయి.

కర్మాగారంలో పనిచేసినవారు, దానికి చెరకు తోలిన రైతులు వృద్ధులవుతున్నారు. యంత్రాల వద్ద, చేలలో వాడిన మాటలు, వాటి ఉచ్చారణ, పని పాటలు వారితోనే నిలిచి ఉన్నాయి. వ్రాతలో మాట మిగిలినా, పలికే తీరు మిగలదు. ఒక ల్యాప్‌టాప్, చిన్న యు.ఎస్.బి. కార్డు, కాలరు మైకు ఉన్నచో విద్యార్థులు కూడా ఈ స్మృతులను నమోదు చేయవచ్చును. మాట్లాడేవారి అనుమతిని ముందుగా తీసుకొని, పేరు, ఊరు, తేదీలను రికార్డింగు మొదట్లోనే పలికించాలి. ఫైలును రెండు వేర్వేరు చోట్ల దాచాలి.

ఇళ్ళలో ఉన్న పాత క్యాసెట్లను కూడా ఈ కార్డు ద్వారా కంప్యూటరులోనికి ఎక్కించవచ్చును. టేపురికార్డరు సంకేతం మైకు సంకేతం కంటే ఎన్నో రెట్లు బలమైనది. అందుచేత లైన్ ఇన్‌పుట్ ఉన్న కార్డును వాడాలి. చిన్న కార్డులలో మైకు సాకెట్ మాత్రమే ఉండి, అది చాలావరకు ఒకే ఛానలును నమోదు చేస్తుంది. తప్పనిసరి అయితే టేపురికార్డరు శబ్దాన్ని బాగా తగ్గించి వాడవచ్చును గాని, స్టీరియో పాటలకు ఇది పనికిరాదు.

వినికిడి రక్షణ

హెడ్‌ఫోనులో ఎక్కువ శబ్దంతో ఎక్కువసేపు వినడం చెవికి హానికరం. పెద్దలు వారానికి 80 డెసిబెల్స్ శబ్దాన్ని 40 గంటలకు మించి వినరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తున్నది. కొత్త కార్డును తగిలించినపుడు ముందుగా శబ్దాన్ని తగ్గించి, ఆ తరువాతనే హెడ్‌ఫోను ధరించి, క్రమంగా పెంచుకొనవలెను.