ఇన్ఫినిటీ రైడ్

ఇన్ఫినిటీ రైడ్ హైదరాబాద్‌లోని ఆదిత్య మెహతా ఫౌండేషన్ నిర్వహించే సైకిల్ యాత్ర. కాలో చెయ్యో పోగొట్టుకున్నవాళ్లు, వాళ్లకు తోడుగా మామూలు సైక్లిస్టులు కలిసి వందల, ఒక్కోసారి వేల కిలోమీటర్లు తొక్కుతారు. ఆ పేరున వచ్చిన విరాళాలను దివ్యాంగ క్రీడాకారుల కృత్రిమ అవయవాలకు, సైకిళ్లకు, శిక్షణకు ఖర్చు చేస్తారు. విధి నిర్వహణలో గాయపడిన బీఎస్ఎఫ్, సీఆర్‌పీఎఫ్ జవాన్లు ఇందులో పాల్గొంటూ రావడంతో, యుద్ధంలో అవయవం కోల్పోయినవారు సాహసాలు చేసి నిధులు సేకరించే ప్రపంచవ్యాప్త సంప్రదాయానికి తెలుగు నేల మీద ఇదే దగ్గరి ఉదాహరణగా నిలిచింది.

ఫౌండేషన్‌కు పేరిచ్చిన ఆదిత్య మెహతా సైనికుడు కారు. రోడ్డు ప్రమాదంలో కాలు పోయిన హైదరాబాద్ యువకుడు. కోలుకున్నాక సైకిల్ పట్టి, 2013లో ఢిల్లీలో జరిగిన ఆసియా పారా సైక్లింగ్ పోటీల్లో రెండు రజతాలు గెలిచారు. పోటీ స్థాయి సైకిల్, దానికి తగిన కృత్రిమ కాలు, కోచ్, ప్రయాణాలు అన్నీ కలిపితే మధ్యతరగతి ఇల్లు మోయగలిగిన ఖర్చు కాదు. సంస్థ పెట్టిందీ, యాత్రల ద్వారా డబ్బు కూడగట్టే పద్ధతి ఎంచుకున్నదీ అందుకే. ఫౌండేషన్ 2013లో మొదలైంది. మరుసటి ఏడాది మనాలి నుంచి ఖార్దుంగ్ లా కనుమకు యాత్ర జరిగింది. ఆ కనుమ దగ్గరి పాత బోర్డు మీద 18,380 అడుగులని రాసి ఉండేది. ఆధునిక కొలతల ప్రకారం ఎత్తు 17,582 అడుగులు. దాదాపు ఎనిమిది వందల అడుగులు తగ్గినా అక్కడ ఊపిరి అందడం తేలికేమీ కాదు.

పెద్ద యాత్రల్లో ఒకటి 2020లో జరిగింది. నవంబరులో శ్రీనగర్‌లో బయలుదేరి డిసెంబరు ఆఖరుకు కన్యాకుమారి చేరింది. దూరం సుమారు 3,800 కిలోమీటర్లు. బీఎస్ఎఫ్ తోడ్పాటుతో, కరోనా ఆంక్షలు ఇంకా పూర్తిగా తొలగని రోజుల్లో సాగిన యాత్ర అది. శ్రీనగర్‌నూ కన్యాకుమారినీ కలిపే 44వ నంబరు జాతీయ రహదారి కామారెడ్డి మీదుగానే పోతుంది కాబట్టి ఆ దూరం ఎంతటిదో ఆ జిల్లా లారీ డ్రైవర్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. అదే ఏడాది సీఆర్‌పీఎఫ్ కూడా తన దివ్యాంగ జవాన్లతో అహ్మదాబాద్ సబర్మతి ఆశ్రమం నుంచి ఢిల్లీ రాజ్‌ఘాట్ దాకా సైకిల్ యాత్ర చేయించింది.

నడకను గానీ పరుగును గానీ కాక సైకిల్‌నే ఎంచుకోవడానికి శరీర ధర్మంలోనే కారణముంది. మోకాలి కింద కాలు తీసేసిన మనిషి కృత్రిమ కాలితో నడిస్తే మామూలు మనిషి కంటే సుమారు పావు వంతు ఎక్కువ శక్తి ఖర్చవుతుంది. మోకాలి పైన తీసేస్తే సగానికి మించి ఎక్కువవుతుంది. పైగా ప్రతి అడుగుకూ ఒంటి బరువంతా మొండి భాగం మీద, అది దూరిన సాకెట్ మీద పడుతుంది. చెమట పట్టి, ఒరుసుకుని పుండు పడితే రోజుల తరబడి కృత్రిమ కాలు తొడగడానికి ఉండదు. సైకిల్ మీద బరువు సీటు మోస్తుంది. మోకాలి పైన కాలు లేనివాళ్లలో చాలామంది కృత్రిమ కాలు తీసి పక్కన పెట్టి, ఉన్న కాలికి వేసుకున్న బూటును పెడల్‌కు బిగించి ఒంటికాలితోనే తొక్కుతారు. అప్పుడు తొక్కడం ఒక్కటే కాదు, అదే కాలితో పెడల్‌ను పైకి లాగడం కూడా నేర్చుకోవాలి. ఎక్కుడు దారిలో అసలు పరీక్ష ఇదే. రెండు కాళ్లూ లేనివారికి చేతులతో తిప్పే హ్యాండ్ సైకిల్, చూపు లేనివారికి ముందు కూర్చున్నవారు దారి చూసే జంట సైకిల్ ఉంటాయి. అంతర్జాతీయ పోటీల్లో మామూలు సైకిల్ తొక్కేవాళ్లను వైకల్యం తీవ్రతను బట్టి సీ1 నుంచి సీ5 దాకా ఐదు తరగతులుగా విడదీస్తారు.

జవాన్ల విషయంలో హైదరాబాద్‌కు ఇంకో ప్రాధాన్యం ఉంది. మావోయిస్టు ప్రాంతాల్లో సీఆర్‌పీఎఫ్ జవాన్ల కాళ్లు తీసుకున్నది ఎక్కువగా మందుపాతరలే. అడుగు కింద పేలిన మందుపాతర పాదాన్ని ఛిద్రం చేయడంతో ఆగదు. మట్టి, బూటు ముక్కలు, ఎముక తునకలు కండలోకి పైదాకా దూసుకుపోతాయి. అవి కుళ్లకుండా ఉండాలంటే వైద్యులు గాయం కనిపించే చోటుకంటే బాగా పైనే కోయవలసి వస్తుంది. ఇలాంటి జవాన్ల కోసం సీఆర్‌పీఎఫ్ 2020 డిసెంబరులో హైదరాబాద్ శివారులోని తన రంగారెడ్డి గ్రూప్ సెంటర్‌లో జాతీయ దివ్యాంగ సాధికార కేంద్రాన్ని ప్రారంభించింది. క్రీడలతో పాటు సైబర్ రంగంలో పనికొచ్చే నైపుణ్యాలు కూడా అక్కడ నేర్పుతారు. కాలు పోయిన జవానును ఏదో ఆఫీసులో కుర్చీ వేసి కూర్చోబెట్టి జీతం ఇచ్చే పాత పద్ధతి కంటే ఇది ఎంతో మేలు.

ఫౌండేషన్ శిక్షణలో ఎదిగిన పౌరుల్లో నంద్యాలకు చెందిన అర్షద్ షేక్ పేరు చెప్పుకోవాలి. ఒక కాలు లేని అర్షద్ 2024 పారిస్ పారాలింపిక్స్‌లో సైక్లింగ్‌లో పోటీపడ్డారు. ఆయన, మహారాష్ట్రకు చెందిన జ్యోతి గడేరియా పారాలింపిక్స్ సైక్లింగ్‌లో భారత్ తరఫున పాల్గొన్న తొలి ఇద్దరు. పతకం రాలేదు. విరాళాల డబ్బు ఎక్కడిదాకా తీసుకెళ్లగలదో మాత్రం తేలింది.

సైన్యం నుంచే వచ్చి ఈ దారి తొక్కినవారిలో దేశమంతా ఎరిగిన మనిషి మేజర్ దేవేందర్ పాల్ సింగ్. డోగ్రా రెజిమెంట్ అధికారి. 1999 జులైలో, కార్గిల్ యుద్ధ సమయంలో, అఖ్నూర్ సెక్టార్‌లో మోర్టారు గుండు పక్కనే పేలింది. చనిపోయాడనే మొదట అనుకున్నారు. ప్రాణం నిలిచినా గ్యాంగ్రీన్ రావడంతో కుడి కాలు తీసేయాల్సి వచ్చింది. పదేళ్ల తర్వాత మారథాన్లు మొదలుపెట్టి, 2011లో అవయవాలు కోల్పోయినవారి కోసం ద ఛాలెంజింగ్ వన్స్ అనే సంస్థను స్థాపించారు. 2019 మార్చిలో నాసిక్‌లో విమానం నుంచి పారాచూట్‌తో ఒంటరిగా దూకారు.

ప్రపంచంలో మరో పెద్ద పేరు హరి బుధా మగర్. నేపాల్‌లో పుట్టి బ్రిటిష్ గూర్ఖా దళంలో పనిచేస్తూ 2010లో అఫ్గానిస్థాన్‌లో రెండు కాళ్లూ మోకాళ్ల పైదాకా పోగొట్టుకున్నాడు. ఎవరెస్ట్ ఎక్కుతానంటే, రెండు కాళ్లూ లేనివాళ్లు ఎక్కకూడదని నేపాల్ ప్రభుత్వం 2017లో నిబంధన తెచ్చింది. 2018లో అక్కడి సుప్రీంకోర్టు దాన్ని నిలిపేసింది. 2023 మే 19న ఆయన శిఖరం చేరాడు. ఆ ప్రయత్నాన్ని సేవా సంస్థలకు విరాళాలు సేకరించే సందర్భంగానూ వాడుకున్నాడు. కొండ ఎక్కే ముందు కోర్టు ఆ అడ్డు తొలగించవలసి రావడం ఈ కథలో ఎక్కువమంది గమనించని భాగం.

బ్రిటన్‌లో ఇలాంటి యాత్రలకు మామూలు జనం నుంచి చిన్నచిన్న మొత్తాలు పోగవుతాయి. మన దగ్గర పెద్ద ఆధారం కంపెనీలు. 2013 కంపెనీల చట్టం ప్రకారం నిర్దేశిత స్థాయి దాటిన కంపెనీలు సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. పారాలింపిక్ క్రీడల శిక్షణ, మాజీ సైనికుల సంక్షేమం ఆ జాబితాలో మొదటినుంచీ ఉన్నాయి. సీఆర్‌పీఎఫ్, బీఎస్ఎఫ్ లాంటి కేంద్ర సాయుధ పోలీసు దళాల్లో పనిచేసి వచ్చినవారిని 2020లో గానీ చేర్చలేదు. ఒకే రకం మందుపాతరకు కాలు పోయినా, సైన్యంలో ఉంటే మాజీ సైనికుడు, సీఆర్‌పీఎఫ్‌లో ఉంటే కాదు అనే తేడా మన వ్యవస్థలో పాతదే. సైనిక సంక్షేమ బోర్డులు సైన్యం, నౌకాదళం, వైమానిక దళం వారికే పరిమితం.

కృత్రిమ కాలు ఒకసారి అమర్చుకుంటే జన్మంతా వచ్చే వస్తువు కాదు. మొండి భాగం కాలక్రమంలో సన్నబడుతుంది, సాకెట్ వదులవుతుంది, కొన్నేళ్లకోసారి మార్చాలి. సైన్యంలో పనిచేసినవారికి పుణేలో 1944 నుంచి కృత్రిమ అవయవ కేంద్రం ఉంది. పౌరులకు జైపూర్ కాలు ఉచితంగా ఇచ్చే భగవాన్ మహావీర్ వికలాంగ సహాయతా సమితి 1975లో మొదలైంది. నడవడానికి, పొలం పనికి జైపూర్ కాలు బాగా పనికొస్తుంది. పరుగు పందేలకు వాడే కార్బన్ బ్లేడు ధర లక్షల్లో ఉంటుంది. యాత్రల నిధులు అక్కరకొచ్చేది ఈ రెండో రకం అవసరానికి.

కామారెడ్డి జిల్లాలోని మద్నూర్ లాంటి సరిహద్దు మండలంలో మాజీ సైనికులకు దగ్గరి ఆధారం నిజామాబాద్‌లోని సైనిక సంక్షేమ కార్యాలయం. ఏటా డిసెంబరు 7న జరిపే సాయుధ దళాల పతాక దినం 1949 నుంచి ఉంది; గాయపడిన సైనికుల పునరావాసానికి ఆ రోజు వసూలయ్యే నిధి కూడా ఉపయోగపడుతుంది. సీఆర్‌పీఎఫ్, బీఎస్ఎఫ్ కుటుంబాలు తమ దళం కార్యాలయాన్నే సంప్రదించాలి. ఇక ఏ యాత్రకు విరాళం ఇచ్చేవాళ్లయినా రసీదుతో సరిపెట్టుకోకుండా, ఆ ఏడాది ఎందరికి కాళ్లు అమర్చారో, ఎందరికి సైకిళ్లు ఇచ్చారో లెక్క అడిగి తీసుకోవాలి.