తలకాయ గుర్తు కాఫీకొట్టు

పొద్దున్నే కాఫీ గొంతులో పడకపోతే మనలో చాలామందికి తెల్లవారినట్టే కాదు. కానీ లండన్ మహానగరంలో మొట్టమొదట కాఫీకొట్టు పెట్టినవాడెవరని అడగండి, బాగా చదువుకున్నవాళ్ళు కూడా దిక్కులు చూస్తారు. అతని పేరు పాస్క్వా రోజే. ఇంగ్లీషువాడు కాదు. గ్రీకువాడని కొందరు, ఆర్మేనియా వాడని కొందరు అంటారు. ఏ జాతివాడైతేనేం, ఒకరింట్లో నౌకరు!

ఆ ఒకరు డేనియల్ ఎడ్వర్డ్స్ అనే వర్తకుడు. తుర్కుల ఏలుబడిలో ఉన్న స్మిర్నా రేవులో (ఇప్పటి ఇజ్మీర్) వ్యాపారం చేసేవాడు. అక్కడ కాఫీ అలవాటైంది. స్వదేశం వచ్చేటప్పుడు కాఫీగింజలు తెచ్చుకున్నాడు. గింజలుంటే సరిపోతుందా? వేయించాలి, పొడి కొట్టాలి, కాచాలి. ఆ పని వచ్చిన రోజేని కూడా వెంట తెచ్చుకున్నాడు.

ఇంకేముంది! ఈ కొత్త పానీయం రుచి చూద్దామని మిత్రులు రోజూ దిగబడటం మొదలుపెట్టారు. ఊరికే దొరికే కాఫీ ఎవరికి చేదు? ఎడ్వర్డ్స్‌గారి ఇల్లు సత్రమైపోయింది. వచ్చినవాళ్ళను పొమ్మనలేక, ఆయన ఓ ఉపాయం ఆలోచించాడు. రోజే చేత బయట కొట్టు పెట్టించాడు. చుట్టాల తాకిడి తట్టుకోలేని మన ఇల్లాళ్ళకు ఇన్నాళ్ళూ ఈ ఉపాయం తట్టలేదేమిటో!

అలా 1652లో కార్న్‌హిల్ పేటలో, సెయింట్ మైకేల్ చర్చి పక్క సందులో చిన్న పాకలాంటి కొట్టు వెలిసింది. కప్పు ఒక పెన్నీ. పెట్టుబడి చూస్తే ఓ పొయ్యి, కాఫీ కాచే కుండ, కాసిని కప్పులు. అయితే చోటు మాత్రం బంగారం లాంటిది. రెండడుగులు వేస్తే వర్తకులంతా చేరే రాయల్ ఎక్స్ఛేంజి. ఆ రోజుల్లో అక్కడివాళ్ళు పొద్దుటిపూట కూడా పల్చటి బీరే తాగేవాళ్ళు. బేరసారాలు చేసుకునేవాడికి మత్తు కంటే మెలకువ ముఖ్యం కదా! రోజే అమ్మింది ఆ మెలకువనే.

ప్రచారంలోనూ రోజే ఘనుడే. కాఫీ గుణగణాలు వర్ణిస్తూ కరపత్రం అచ్చువేయించాడు. తలనొప్పి, కీళ్ళవాతం, జలోదరం అన్నిటికీ కాఫీయే మందట. కాఫీ ఆవిరి పడితే కళ్ళకు మంచిదట. గర్భిణీలకు గర్భం నిలబడుతుందట! పురుళ్ళు పోసే మంత్రసానులు ఏమనుకున్నారో గానీ, ఒక్క మాట మాత్రం అందులో నిఖార్సయిన నిజం. రాత్రి భోజనమయ్యాక తాగితే నిద్ర పట్టదని ముందే హెచ్చరించాడు. తన సరుకులో ఉన్న లోపం తనే చెప్పుకున్న వ్యాపారి! చివర్లో చిరునామాగా ‘తన తలకాయే గుర్తు’ అని వేయించాడు. కొట్టు ముందు తన మొహం బొమ్మే బోర్డుగా కట్టాడన్నమాట.

వ్యాపారం సాగింది. సాగిందంటే ఏడ్చేవాళ్ళు పుట్టారన్నమాటే. చుట్టుపక్కల బీరుకొట్లవాళ్ళు నగర మేయరుకు మొరపెట్టుకున్నారు. కాఫీ చెడ్డదని కాదు. ‘ఇతను ఈ నగరపు హక్కుదారు కాడు, ఇక్కడ చిల్లర వ్యాపారం ఎలా చేస్తాడు?’ అని. లండన్ నగరం లోపల కొట్టు పెట్టుకోవాలంటే ఏదో ఒక వృత్తిసంఘంలో చేరి హక్కు పొంది ఉండాలి. పరాయి దేశపు నౌకరుకు ఆ హక్కెక్కడిది?

ఎడ్వర్డ్స్ మామగారు హాడ్జెస్ నగర పెద్దల్లో ఒకడు. ఆయన తన బండి తోలే క్రిస్టఫర్ బౌమన్‌కు నగర హక్కు ఇప్పించి, రోజేకు భాగస్తుణ్ణి చేశాడు. తమాషా చూడండి. కాఫీ కాచడం వచ్చినవాడికి కొట్టు పెట్టే హక్కు లేదు. హక్కు ఉన్నవాడికి తోలడం వచ్చింది గుర్రాలను! ఆ పొత్తు ఎన్నాళ్ళు నిలుస్తుంది? కొద్ది ఏళ్ళలోనే విడిపోయింది. బౌమన్ స్థిరపడ్డాడు. రోజే పేరు మాత్రం ఆ నగరపు కాగితాల్లోంచి మాయమైపోయింది.

మనిషి పోయినా విత్తనం మొలిచింది. ఫ్లీట్ వీధిలో జేమ్స్ ఫార్ అనే మంగలి కూడా కాఫీకొట్టు పెట్టాడు. 1657లో ఇరుగుపొరుగు వాళ్ళు ఆ కంపు భరించలేకపోతున్నామనీ, పొయ్యి వల్ల నిప్పు భయమనీ ఫిర్యాదు చేశారు. కాఫీ వాసన కంపట! 1660లో కాచిన కాఫీ మీద గ్యాలనుకు నాలుగు పెన్నీలు పన్ను పడింది. పన్ను అధికారి వచ్చి కొలిచేదాకా అమ్మకూడదు గనక, ముందే కాచి పీపాల్లో పోసి, మళ్ళీ వేడిచేసి ఇచ్చేవారు. పొద్దుటి డికాషన్ సాయంత్రం ఇస్తే మొహం ముడుచుకునే మనవాళ్ళు ఆ కాఫీ తాగితే ఏమయ్యేవారో! అయినా 1663 నాటికి నగరంలో 82 కాఫీకొట్లు. 1666లో మహాగ్నిప్రమాదంలో కాలిపోయినా మళ్ళీ లేచాయి. అక్కడ జనం తనను విమర్శిస్తున్నారని రెండో ఛార్లెస్ రాజు 1675 డిసెంబరులో అన్నిటినీ మూసెయ్యమన్నాడు. జనం గోల చూసి, అమలు కాకముందే, పదిరోజుల్లో వెనక్కి తగ్గాడు.

కొట్టును పెంచడమెలాగో చూపించినవాడు ఎడ్వర్డ్ లాయిడ్. అతని దగ్గరికి ఓడల వాళ్ళు వచ్చేవారు. 1691లో లొంబార్డ్ వీధికి మారి, కాఫీతో పాటు ఏ ఓడ ఎక్కడుందో ఆ కబుర్లు కూడా అందించాడు. ఓడలకు బీమా రాసేవాళ్ళు అతని బల్లల దగ్గరే తిష్ట వేశారు. ప్రపంచ ప్రసిద్ధి పొందిన ‘లాయిడ్స్’ బీమా సంస్థ పుట్టింది అక్కడే. కాఫీ ఎవరైనా కాస్తారు, వచ్చినవాడి అవసరం కనిపెట్టినవాడే నిలబడతాడు.

మరి ఆడవాళ్ళో? కాఫీకొట్టులో కూచుని కబుర్లు చెప్పుకునే భాగ్యం సాధారణంగా వాళ్ళకు లేదు. కానీ మన పూటకూళ్ళమ్మల్లాగా, కొట్లు నడిపిన వితంతువులు బోలెడుమంది. పొయ్యి దగ్గర ఆడది ఉండొచ్చు, బల్ల దగ్గర ఉండకూడదు! కాఫీ వల్ల మొగుళ్ళు ఎందుకూ కొరగాకుండా పోతున్నారని 1674లో ఆడవాళ్ళ పేరిట ఒక అర్జీ అచ్చయింది. అది మగవాళ్ళ చేతిరాతేనని చాలామంది చరిత్రకారుల అనుమానం. 1970ల్లో మన పత్రికల్లో ఆడపేర్లు పెట్టుకుని నవలలు రాసిన మగవాళ్ళు లేరూ! ఇక మన కాఫీహోటళ్ళలో పచ్చ కర్టెను వేలాడే ‘ఫ్యామిలీ రూము’ మాటేమిటంటారా? మనల్ని లోపలికి రానిచ్చారు, కానీ కర్టెను వెనక్కి.

నాకు లాయిడ్ కంటే రోజే మీదే మనసు. ఇవాళ మన నగరాల్లో ఎక్కణ్ణుంచో వచ్చి, కాలిబాట మీద స్టవ్వు పెట్టుకుని కాఫీ, టీ కాచే కుర్రాడు కూడా రోజే వంశంవాడే. వాడి కాఫీ అందరికీ కావాలి. వాడికి అక్కడ నిలబడే హక్కుందా అని అడిగినప్పుడు మాత్రం అందరూ గడియారం చూసుకుంటారు.

సెయింట్ మైకేల్ సందులో, 1652 నాటి తొలి కాఫీకొట్టు ఇక్కడే ఉండేదని రోజే పేరుతో ఫలకం ఒకటి పెట్టారు. బతికుండగా ఇవ్వని హక్కు రాతిమీద ఇచ్చారు. ఆ ఫలకం ఉన్న భవనం పేరేమిటో తెలుసా? జమైకా వైన్ హౌస్. చివరికి చోటు మందుకొట్టుకే దక్కింది!