నడక పరీక్ష అంటే ఏమిటి? ఆ అంకె మీ ఫైల్లో ఎందుకు ఉండాలి?

"నడుస్తున్నవా తాతా?"

"ఆ, నడుస్తున్న బిడ్డా."

పక్షవాతం నుంచి కోలుకుంటున్న పెద్దాయన రివ్యూకు వెళ్తే ఓపీలో మాటలు చాలాసార్లు ఇంతటితో అయిపోతాయి. మంచం నుంచి బాత్‌రూమ్ దాకా గోడ పట్టుకుని వెళ్లే మనిషీ 'నడుస్తున్న' అనే అంటాడు. పహాడీ షరీఫ్‌లో శ్రీశైలం రోడ్డు దాటి, బస్సెక్కి ఆసుపత్రికి వచ్చిన మనిషీ అదే మాట అంటాడు. కానీ ఈ ఇద్దరికీ కావాల్సిన వ్యాయామం, జాగ్రత్తలు, మందులు ఒకటి కావు.

ఆ తేడాను అంకెలో చూపించేదే నడక పరీక్ష. దీనికి స్కానింగ్ యంత్రం అక్కర్లేదు, రక్తం తీయరు. ఒక వరండా, ఒక స్టాప్‌వాచ్, కొలత టేపు, వేలికి పెట్టే పల్స్ ఆక్సిమీటర్ ఉంటే చాలు. అయినా చాలామంది డిశ్చార్జి కాగితాల్లో ఈ అంకె కనిపించదు. దాన్ని అడిగి రాయించుకోవడం ఎలాగో, వచ్చిన అంకెను ఎలా చదువుకోవాలో చూద్దాం.

ఇది పాస్, ఫెయిల్ పరీక్ష కాదు

మన దగ్గర 'వాకింగ్ టెస్ట్' అనగానే ఫారెస్ట్ బీట్ ఆఫీసర్ ఉద్యోగాలు గుర్తొస్తాయి. నాలుగు గంటల్లో పురుషులు 25 కిలోమీటర్లు, మహిళలు 16 కిలోమీటర్లు నడవాలి. అందులో నెగ్గడం, ఓడిపోవడం ఉంటాయి.

ఆసుపత్రిలో చేసే పరీక్ష అలాంటిది కాదు. ఇక్కడ మీ పోటీ మీ పాత అంకెతోనే. చికిత్స మొదలుపెట్టిన రోజు ఎంత నడిచారు, ఎనిమిది వారాల తర్వాత ఎంత నడిచారు అన్నదే లెక్క.

ఎవరికి చేస్తారు?

ఆస్తమా, సీవోపీడీ, టీబీ తగ్గాక ఊపిరితిత్తులు దెబ్బతిన్నవారు, గుండె బలహీనంగా ఉన్నవారు, గుండె ఆపరేషన్ అయినవారు, పక్షవాతం వచ్చినవారు, మోకాలి లేదా తుంటి ఆపరేషన్ చేయించుకున్నవారు, తరచూ తూలిపడే పెద్దవాళ్లు. వీరందరికీ ఒకే పరీక్ష చేయరు. ముఖ్యంగా వాడేవి మూడు.

1. ఆరు నిమిషాల నడక పరీక్ష

ఊపిరితిత్తులు, గుండె జబ్బుల వారికి ఎక్కువగా చేసేది ఇదే. 'సిక్స్ మినిట్ వాక్ టెస్ట్' అని అడిగితే సిబ్బందికి అర్థమవుతుంది.

దీని వెనుక చిన్న కథ ఉంది. అమెరికా వైమానిక దళ వైద్యుడు కెన్నెత్ కూపర్ 1968లో 12 నిమిషాల పరుగుతో ఆరోగ్యవంతుల దమ్మును కొలిచారు. 1976లో బ్రిటన్ వైద్యులు దాన్ని ఊపిరితిత్తుల రోగుల కోసం 12 నిమిషాల నడకగా మార్చారు. ఆయాసపడేవారికి అది కూడా ఎక్కువే. ఆరు నిమిషాలు నడిపించినా దాదాపు అదే సమాచారం వస్తుందని 1982లో తేలింది. పరీక్ష ఎలా చేయాలో అమెరికన్ థొరాసిక్ సొసైటీ 2002లో మార్గదర్శకాలు ఇచ్చింది.

పరీక్ష ఇలా జరుగుతుంది:

- ముందు కనీసం 10 నిమిషాలు కుర్చీలో కూర్చోబెడతారు. బీపీ, నాడి, ఆక్సిజన్ చూస్తారు.
- ఆయాసం ఎంతుందో 0 నుంచి 10 వరకు ఉన్న బోర్గ్ స్కేల్‌పై చెప్పమంటారు. ఏమీ లేకపోతే 0, ఇక తట్టుకోలేనంత ఉంటే 10.
- 30 మీటర్ల చదునైన వరండాలో రెండు చివర్లా కోన్లు పెడతారు. ఆరు నిమిషాల్లో వీలైనంత దూరం అటూ ఇటూ నడవాలి. పరుగెత్తకూడదు.
- అలసిపోతే ఆగవచ్చు, గోడకు ఆనుకోవచ్చు. గడియారం మాత్రం ఆగదు. తేరుకోగానే మళ్లీ నడవాలి.
- ఆరు నిమిషాలయ్యాక ఎక్కడున్నారో అక్కడే ఆపి దూరం కొలుస్తారు. ఆక్సిజన్, నాడి, ఆయాసం మళ్లీ రాస్తారు.

సిబ్బంది నిమిషానికోసారి మాత్రమే మాట్లాడతారు. "బాగా నడుస్తున్నారు, ఇంకా నాలుగు నిమిషాలున్నాయి" వంటి ముక్తసరి మాటలే అంటారు. అది నిర్లక్ష్యం కాదు. ఒకసారి గట్టిగా హుషారు చేసి, మరోసారి ఊరుకుంటే దూరం మారిపోతుంది. కాబట్టి వెంట వెళ్లినవాళ్లు పక్కన నడుస్తూ "ఇంకా జోరుగా, నాన్నా" అని తొందరపెట్టకూడదు.

మొదటిసారి చేసేటప్పుడు, మధ్యలో కనీసం అరగంట విశ్రాంతి ఇచ్చి, రెండుసార్లు చేయాలన్నది 2014 నాటి అంతర్జాతీయ ప్రమాణం. పద్ధతి అలవాటయ్యాక రెండోసారి కాస్త ఎక్కువ నడుస్తారు. రెండింటిలో పెద్ద అంకెను తీసుకుంటారు.

అంకెను ఎలా చదవాలి?

ఒక ఉదాహరణ చూద్దాం. 30 మీటర్ల వరండాలో ఒకసారి వెళ్లి వస్తే 60 మీటర్లు. ఐదుసార్లు వెళ్లి వచ్చి, ఇంకో 20 మీటర్లు నడిస్తే మొత్తం 320 మీటర్లు. ఎనిమిది వారాల వ్యాయామం తర్వాత అదే మనిషి 372 మీటర్లు నడిచారనుకోండి. తేడా 52 మీటర్లు.

దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బుల్లో సుమారు 30 మీటర్ల మార్పును లెక్కలోకి తీసుకోదగ్గదిగా భావిస్తారు. కాబట్టి ఇది నిజమైన మెరుగుదలే. ఐదో, పదో మీటర్లు పెరిగినా తగ్గినా సంబరం వద్దు, దిగులూ వద్దు.

దూరం ఒక్కటే చూడకండి. 350 మీటర్లు నడిచినా ఆక్సిజన్ 96 నుంచి 84కు పడిపోతే డాక్టర్ తప్పక ఆలోచించాలి. కూర్చున్నప్పుడు మామూలుగా ఉండి, నడిస్తేనే పడిపోయే ఆక్సిజన్‌ను ఓపీలో కుర్చీ మీద కూర్చోబెట్టి చూస్తే పట్టుకోలేరు. ఈ పరీక్ష వల్ల కలిగే పెద్ద మేలు ఇదే.

పక్కింటాయన అంకెతో పోల్చుకోవద్దు. వయసు, ఎత్తు, బరువును బట్టి దూరం మారుతుంది.

2. పది మీటర్ల నడక పరీక్ష

పక్షవాతం వచ్చినవారికి దీన్ని ఎక్కువగా వాడతారు. ఇందులో చూసేది దూరం కాదు, వేగం. 10 మీటర్లు నడిపించి, మొదటి 2, చివరి 2 మీటర్లు వదిలేసి మధ్యలోని 6 మీటర్లకు ఎన్ని సెకన్లు పట్టిందో లెక్కిస్తారు. 6 మీటర్లకు 10 సెకన్లు పడితే వేగం సెకనుకు 0.6 మీటర్లు.

పక్షవాతం రోగులపై 1995లో అమెరికాలో జరిగిన అధ్యయనం ఆధారంగా ఈ లెక్క వాడుకలోకి వచ్చింది:

- సెకనుకు 0.4 మీటర్ల కన్నా తక్కువ: దాదాపు ఇంటికే పరిమితం
- 0.4 నుంచి 0.8: బయటకు వెళ్లగలరు, కానీ కొద్ది దూరమే
- 0.8 కన్నా ఎక్కువ: బజారుకు, పనులకు తిరగగలరు

ఇది మన రోడ్డు మీద ఎలా ఉంటుందో చూడండి. 12 మీటర్ల వెడల్పున్న రోడ్డును సెకనుకు 1.2 మీటర్ల వేగంతో దాటడానికి 10 సెకన్లు చాలు. 0.6 వేగంతో నడిచే మనిషికి 20 సెకన్లు కావాలి. ఎయిర్‌పోర్టు వైపు దూసుకెళ్లే క్యాబ్‌ల మధ్య ఆ పది సెకన్ల తేడా ప్రాణాల మీదికి తెస్తుంది. 'నడుస్తున్నాడు కదా, ఒక్కడే వెళ్లి పాలు తెస్తాడులే' అనుకునే ముందు ఇంట్లోవాళ్లు ఈ అంకె అడగాలి.

3. కుర్చీ నుంచి లేచి నడిచే పరీక్ష

'టైమ్డ్ అప్ అండ్ గో' అని పిలుస్తారు. 1991 నుంచి వాడుకలో ఉంది. చేతులున్న కుర్చీలోంచి లేచి, 3 మీటర్లు నడిచి, వెనక్కి తిరిగి వచ్చి కూర్చోవాలి. పెద్దవాళ్లకు 12 సెకన్లు, అంతకన్నా ఎక్కువ పడితే కిందపడే ముప్పు ఉన్నట్టు అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ చెబుతోంది. అలాంటప్పుడు చేతికర్ర, బాత్‌రూమ్‌లో పట్టుకునే రాడ్, కాళ్లకు బలాన్నిచ్చే వ్యాయామాల గురించి ఫిజియోథెరపిస్ట్‌ను అడగండి.

వెళ్లేముందు ఏం చేయాలి?

- రోజూ వేసుకునే మందులు మానొద్దు. ఏ మందు ఎన్ని గంటలకు వేసుకున్నారో చెప్పండి.
- తేలికగా తిని వెళ్లండి. పరీక్షకు ముందు రెండు గంటల్లో శ్రమ పడొద్దు.
- జారిపోయే హవాయి చెప్పులు వద్దు. కాలికి పట్టి ఉండే చెప్పులో, బూట్లో వేసుకోండి. రెండోసారీ అవే వేసుకెళ్లండి.
- చీర, బురఖా, లుంగీ ఏదైనా అంచు కాళ్లకు అడ్డుపడకుండా చూసుకోండి.
- కర్ర, వాకర్ వాడేవాళ్లు వాటితోనే నడవాలి. గొప్ప కోసం పక్కన పెట్టొద్దు.
- గోళ్లరంగు, ముదురు గోరింటాకు ఉంటే ఆక్సిజన్ రీడింగ్‌కు అడ్డు రావచ్చు. కనీసం ఒక వేలు ఖాళీగా ఉంచండి.
- రోజా లేదా ఉపవాసం ఉంటే ముందే చెప్పండి. షుగర్ మందులు వాడేవారైతే ఇది మరీ ముఖ్యం.

ఎప్పుడు చేయకూడదు?

గత నెల రోజుల్లో గుండెపోటు వచ్చినా, ఛాతీనొప్పి అదుపులో లేకపోయినా ఆరు నిమిషాల పరీక్ష సాధారణంగా చేయరు. కూర్చున్నప్పుడే నాడి 120 దాటినా, బీపీలో పై అంకె 180 లేదా కింది అంకె 100 దాటినా ముందు డాక్టర్ చూడాలి.

నడుస్తుండగా ఛాతీలో నొప్పి, భరించలేని ఆయాసం, కాళ్లు తిమ్మిరెక్కి పట్టేయడం, తూలడం, చెమటలు పట్టడం, ముఖం పాలిపోవడం కనిపిస్తే వెంటనే ఆపాలి. 'ఇంకో నిమిషమే కదా' అని ఓర్చుకోవద్దు. జబ్బు ఉన్నవాళ్లు వీడియో చూసి కాలనీ రోడ్డు మీద సొంతంగా ఈ పరీక్ష చేసుకోవద్దు. ఇంట్లో ఇలాంటి లక్షణాలు కనిపిస్తే 108కు ఫోన్ చేయండి.

ఈ అంకె చెప్పనివి

ఇవి చదునైన నేల మీద చేసే పరీక్షలు. 400 మీటర్లు నడిచినంత మాత్రాన పహాడీ షరీఫ్ కొండ మీద దర్గా మెట్లు ఎక్కేయవచ్చని కాదు. మెట్లకు ఊపిరి, మోకాళ్ల బలం వేరుగా కావాలి. దాన్ని విడిగా అడగండి.

విమాన ప్రయాణానికీ ఇది అనుమతి పత్రం కాదు. శంషాబాద్‌లో విమానం ఎక్కే ముందు ఆక్సిజన్ అవసరమున్నవారు ఎయిర్‌లైన్స్ అడిగే మెడిఫ్ ఫారాన్ని డాక్టర్‌తో నింపించాలి. టెర్మినల్‌లో అంత దూరం నడవలేనివారు టికెట్ తీసుకునేటప్పుడే వీల్‌చైర్ కోరవచ్చు.

సదరం, యూడీఐడీ ధ్రువపత్రాలను మెడికల్ బోర్డు వేరే కొలమానాలతో నిర్ణయిస్తుంది. ఈ దూరం ఒక్కటే చూసి ఇవ్వరు.

ఫోన్‌లో అడుగుల లెక్క సరిపోదా?

సరిపోదు. ఫోన్ రోజంతా వేసిన అడుగులను లెక్కపెడుతుంది. మీరు ఎంత వేగంగా నడవగలరో, అప్పుడు ఆక్సిజన్ ఎంత పడిందో దానికి తెలియదు. ఆపిల్ వాచ్ వంటివి ఆరు నిమిషాల దూరాన్ని అంచనా వేస్తాయి కానీ అది అంచనాయే. రోజువారీ అడుగుల లెక్క డాక్టర్‌కు చూపించండి, పరీక్షకు బదులుగా మాత్రం వాడొద్దు.

ఎక్కడ అడగాలి?

ప్రభుత్వ రంగంలో నిమ్స్, గాంధీ, ఉస్మానియా ఆసుపత్రుల్లో ఫిజియోథెరపీ సేవలున్నాయి. ఊపిరితిత్తుల జబ్బులకు ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రి ఉంది. పహాడీ షరీఫ్, జల్‌పల్లి, షాహీన్‌నగర్ వైపువారికి ఈ నాలుగింటిలో దగ్గరిది అఫ్జల్‌గంజ్‌లోని ఉస్మానియా. నేరుగా పరీక్ష కోసం వెళ్లకుండా ముందు చికిత్స చేస్తున్న డాక్టర్‌తో ఓపీ చీటీ మీద రాయించుకోండి.

అక్కడికి వెళ్లిరావడమంటే చాలామందికి ఒక రోజు కూలి పోవడమే. వెంట వచ్చిన కొడుకు కూలీ పోతుంది. అంత ఖర్చుపెట్టుకుని 'బాగానే ఉంది' అన్న మాటతో తిరిగి రావొద్దు. ఈ ఆరు విషయాలు కాగితం మీద రాయించుకోండి:

1. ఏ పరీక్ష, ఏ తేదీ
2. వచ్చిన దూరం లేదా సమయం
3. వరండా పొడవు
4. ముందు, తర్వాత ఆక్సిజన్, నాడి, ఆయాసం స్కోరు
5. కర్ర, వాకర్, ఆక్సిజన్ సిలిండర్ వాడారా
6. మధ్యలో ఎన్నిసార్లు ఆగారు, ఎందుకు

వరండా పొడవు ఎందుకంటే, 15 మీటర్ల వరండాలో ఎక్కువసార్లు వెనక్కి తిరగాల్సి వస్తుంది కాబట్టి దూరం తగ్గుతుంది. ఒకచోట 30 మీటర్లలో, మరోచోట 15 మీటర్లలో చేసిన పరీక్షలను పోలిస్తే, మెరుగుపడిన మనిషి కూడా దిగజారినట్టు కనిపిస్తాడు.

ఇది మీరు బతిమాలి తీసుకోవాల్సిన కాగితం కాదు. రోగిగానీ, అధికారం ఉన్న సహాయకుడుగానీ అడిగితే వైద్య రికార్డులను 72 గంటల్లో ఇవ్వాలని భారత వైద్య మండలి 2002 నిబంధనలు చెబుతున్నాయి. ఇచ్చిన కాగితాన్ని వెంటనే ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి.

వచ్చే రివ్యూలో డాక్టర్ "నడుస్తున్నవా?" అని అడిగితే, "పోయినసారి 320 మీటర్లు సార్, ఇప్పుడెంతో చూడండి" అనండి.