సమాధి శాసనాలు – కుటుంబ చరిత్ర: బందరు డచ్చి సమాధుల సాక్ష్యం

ఆంధ్రదేశ చరిత్రలో శాసనమనగానే దాన శాసనాలు, విజయ శాసనాలు స్ఫురిస్తాయి. సమాధి ఫలకాలను శాసనాలుగా చదివినవారు తక్కువ. కుటుంబ చరిత్రకు వాటి ప్రయోజనం ఎంత, వాటి పరిమితి ఏమిటి అన్న రెండు అంశాలను బందరు డచ్చి శ్మశానవాటిక ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

17వ శతాబ్ది ఆరంభంలో డచ్చి ఈస్టిండియా కంపెనీ బందరులో వర్తకస్థానం నెలకొల్పింది. కంపెనీవారి సమాధులపై వంశచిహ్నాలు చెక్కిన రాతి పలకలున్నాయి. అలెగ్జాండర్ రీ 1897లో వెలువరించిన గ్రంథం, జూలియన్ జేమ్స్ కాటన్ 1905లో ప్రకటించిన మద్రాసు సమాధి శాసనాల పట్టిక ఇటువంటి సమాధులను నమోదు చేశాయి. ఈ తరహా పలకపై సాధారణంగా పేరు, హోదా, మరణ తేది, వయస్సు ఉంటాయి. మరణ తేది నుంచి వయస్సును తీసివేస్తే జనన కాలం తేలుతుంది. హోదాను బట్టి హేగ్ నగరంలోని కంపెనీ దస్తావేజులలో ఆ వ్యక్తిని వెదకవచ్చు. అక్షరాలు అరిగిన చోట పాత ప్రతిలేఖనమే శరణ్యం.

అయితే ఆ రాళ్లు పలికేది కొందరి పేర్లే. కంపెనీకి సరకు సమకూర్చిన నేతగాళ్లకు, అద్దకంవారికి, దుబాసీలకు వాటిపై చోటు లేదు. 1864 నవంబరు 1నాటి ఉప్పెన బందరు ప్రాంతంలో సుమారు 30,000 మందిని బలిగొన్నది. వారందరినీ పేరుపేరునా స్మరించే ఫలకమేదీ లేదు. కాబట్టి శ్మశానవాటికను చదివేవారు రాతిని ఎంత శ్రద్ధగా చదవాలో, రాయి లేనితనాన్నీ అంత శ్రద్ధగానే చదవాలి.

ఈ సూత్రం తెలుగు కుటుంబాలకూ వర్తిస్తుంది. తద్దినంలో తండ్రి, తాత, ముత్తాతల పేర్లు చెబుతారు. అంతకు ముందుతరాలకు తీర్థపురోహితుల పుస్తకాలు కొంత ఆధారం. ఆ ఆధారాలు లేని కుటుంబాల మాట వేరు. 1878 జూలై 3న ఒంగోలు ప్రాంతంలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో అత్యధికులు మాదిగలు. కైఫీయతులలో, భూమి దస్తావేజులలో పేరు దక్కని అటువంటి కుటుంబాలకు సంఘపు రిజిస్టరుతోపాటు ఊరి శ్మశానంలోని శిలువపై రాసిన పేరే తొలి లిఖిత సాక్ష్యం కావచ్చు.

డచ్చి సమాధులకు రీ, కాటన్ వంటివారు దొరికారు. సున్నంతో, సిమెంటుతో కట్టిన ఊరి సమాధులకు అటువంటి పట్టికలు అరుదు. పేరు, తేదీలతోపాటు పక్క సమాధులెవరివో, వాటిని చూడవచ్చే బంధువులెవరో కూడా రాసుకుంటే వరుసలు తెలుస్తాయి. అక్షరం చెరగకముందే, వరుస చెప్పగల పెద్దలు ఉండగానే ఆ పని జరగాలి. అది శాసన పరిశోధనలో భాగమే.